రెండో డబ్బా ఎరుపు

నాలుగు గంటలకి రిపోర్టు హెడ్డాఫీసుకి వెళ్ళిపోతుంది. అది వెళ్ళిందంటే చనిపోయిన కుర్రాడు మోసగాడని కంపెనీ కాగితాల్లో ఎప్పటికీ ఉండిపోతుంది. ఆ కుర్రాడి ఇంటివాళ్ళ తరఫున వచ్చిన నిదానం గారు గడియారం చూసుకున్నారు. పదకొండూ పది. అయినా తొందరపడలేదు. తొందరపడడం తెలిసిన మనిషైతే ఆయనకి ఆ పేరే వచ్చేది కాదు. అసలు పేరు ఇంట్లో ఆవిడకైనా గుర్తుందో లేదో.

“ఒక మగ్గు నీళ్ళు ఇప్పిస్తారా?” అని అడిగారు.

“దాహమా, తాతగారూ?” అన్నాడు బూట్ల సారు.

బూట్ల సారంటే కంపెనీ తరఫున వచ్చిన డిటెక్టివ్. ఆ బురద క్యాంపులో రోజుకి రెండుసార్లు బూట్లు తుడుచుకునేది అతనొక్కడే కాబట్టి కూలీలు ఆ పేరు పెట్టారు.

“నాకు కాదు, నేలకి.”

నిదానం గారు మోకాలి నొప్పికి భగవంతుణ్ణి ఒకసారి తలుచుకుని, కిందికి వంగి, షెడ్డు మధ్యలో నీళ్ళు పోశారు. నీళ్ళు ఒక్క క్షణం తటపటాయించి, మెల్లగా వెనక గోడ వైపు పారాయి. రాళ్ళు కోసే రంపం నీళ్ళు బయటికి పోవడానికి నేలని అటు వాలుగా కట్టారు.

“ర్యాక్ ఎటు పడింది బాబూ?”

“ముందుకి. తలుపు వైపు.”

“నేల వెనక్కి వాలి ఉంది. ర్యాక్ ముందుకి పడింది. బోల్టులు చూస్తే గట్టిగానే ఉన్నట్టున్నాయి.”

“పై అరలో పెట్టె లాగాడు, ర్యాక్ కూడా మీదికొచ్చింది. ఇందులో ఇంత ఆలోచించడానికి ఏముంది?”

“లాగే ఉంటాడు. ఒక్కడే లాగాడా అని నా అనుమానం.”

ఆ గుట్టల కింద ప్లాటినం, దాని తోబుట్టువుల్లాంటి లోహాలు ఉన్నాయేమోనని ఏడాదిగా వెతుకుతున్నారు. రిగ్గు నేలలోకి బోరు వేస్తుంది. మూడేసి మీటర్లకి ఒకసారి గొట్టం పైకి లాగితే అందులో గుండ్రటి రాతి కడ్డీ వస్తుంది. దాన్ని కోర్ అంటారు. పుస్తకంలో వరసల్లాగా దాన్ని పొడవాటి పెట్టెల్లో పేర్చి, మూడు మీటర్లకొకచోట లోతు రాసిన చెక్క దిమ్మ పెడతారు. ఒక్కోసారి రాయి లోపలే నలిగిపోయి గొట్టం ఖాళీగా వస్తుంది. అప్పుడు ఆ చోట ఎర్ర దిమ్మ పెట్టి, ఎన్ని మీటర్లు పోయిందో రాయాలి. ఒకే బోరులో మూడు ఎర్ర దిమ్మలు పడితే ఆ బోరు పనికిరాదు. పక్కకి జరిగి మళ్ళీ మొదటినుంచి వెయ్యాల్సిందే.

ఆ కోర్‌ని చదివి చెప్పే కుర్రాడే ఇప్పుడు లేడు. మెడలో తాడుకి భూతద్దం వేలాడేసుకుని తిరిగేవాడని అందరూ అతన్ని భూతద్దం అనే పిలిచేవారు. ఇరవై తొమ్మిదేళ్ళు. మొన్న సాయంత్రం ఆరుంపావుకి రంపం ఆపరేటరు షెడ్డు తలుపు తీస్తే ర్యాక్ కింద కనిపించాడు. అప్పటికే ఊపిరి లేదు. ర్యాక్ పడ్డాక కనీసం అరగంట బతికే ఉన్నాడని డాక్టరు రాశారు. ఆ ముక్క చదివినప్పటినుంచి నిదానం గారికి ముద్ద దిగడం లేదు.

“వినండి తాతగారూ,” అన్నాడు బూట్ల సారు, కొంచెం జాలిగానే. “ఏడో బోరులో ప్లాటినం దండిగా ఉందని ల్యాబు చెప్పింది. దాన్ని నమ్ముకుని చుట్టూ మూడు బోర్లు వేశారు. మూడూ ఉత్తవే. అంటే ఏడో బోరు శాంపిళ్ళలో ఎవరో ఏదో కలిపారు. శాంపిళ్ళు సంచుల్లో కట్టేది మీ భూతద్దం ఒక్కడే. అతని బల్ల సొరుగులో ఇది దొరికింది.”

రేకు డబ్బా. లోపల బూడిదరంగు పొడి. నిదానం గారు చిటికెడు తీసి, వేళ్ళ మధ్య తడిపి రుద్దారు. తర్వాత లేచి రంపం దగ్గరికి వెళ్ళి, కింద తొట్టెలో అడుగున పేరుకున్న బురద తీసి, ఆ చేతిని బూట్ల సారు ముందు చాపారు. రెండు వేళ్ళ మీదా ఒకే రంగు.

“రాయి కోసినప్పుడల్లా ఇంత బురద వస్తుంది. అతను దాన్ని ఎండబెట్టి దాచుకున్నాడు. మూత మీద చూడండి, ఏడో బోరు కోసిన తేదీ కూడా రాసుకున్నాడు. దొంగసొమ్ము మీద తేదీ వేసి పెట్టుకునే దొంగని నేనింతవరకూ చూడలేదు.”

“మరెందుకు దాచాడు?”

“అనుమానం మీ ఒక్కరికే వస్తుందా? అతనికీ వచ్చి ఉంటుంది. ఆ బురదని మళ్ళీ పరీక్ష చేయించి చూద్దామనుకుని ఉంటాడు.”

బూట్ల సారు మొహం బిగుసుకుంది. “జాలి వేరు, సాక్ష్యం వేరు. నాలుగింటికి నా రిపోర్టు వెళ్తుంది. ఈలోగా మీ దగ్గర ఏదైనా ఉంటే తీసుకురండి.”

“తెస్తాను. బూట్లు తడుస్తున్నాయి, చూసుకోండి.”

*

వంటగది షెడ్డుకి నూటయాభై అడుగుల దూరంలో ఉంటుంది. దానికి రెండో వైపు రిగ్గు. దాని మోత క్యాంపుని ఒక్క క్షణం వదలదు. మాట్లాడాలంటే చెవి దగ్గరికి రావాలి. వంటావిడ గొంతు అసలే పెద్దది, ఏడాదిగా ఇంకా పెద్దదైంది.

“నాలుగున్నరకి టీ ఇచ్చొచ్చానండీ. రెండు పెట్టెలు ముందేసుకుని కూర్చున్నాడు. చల్లారిపోతుంది తాగు బాబూ అంటే, ‘పిన్నీ, ఈ రాయి అబద్ధం చెప్పదు, మనిషే’ అన్నాడు. నాకేం అర్థమవుతుంది? ఎంగిలి కప్పు తీసుకొచ్చేశాను.”

“ఆ తర్వాత?”

“తర్వాతేముంది, రేడియో పెట్టుకుని కూరలు తరుగుతున్నా. అయిదింటి వార్తలు...” అని ఆగి, తనలో తాను నవ్వుకుంది. “ఈ క్యాంపుకొచ్చాక వార్తలు మొదటినుంచి చివరిదాకా విన్నది మొన్ననే. ఎక్కడో వంతెన కట్టారట, ఎవరో మంత్రి రాజీనామా చేశాడట. ఒక్క ముక్క వదలకుండా చెవిన పడింది.”

నిదానం గారు పెన్సిలు ఆపారు. “రేడియో గట్టిగా పెట్టావా అమ్మా?”

“రోజూ పెట్టేంతే పెట్టా.”

“రోజూ వినపడనిది మొన్న ఎలా వినపడింది?”

కత్తిపీట మీద ఆవిడ చెయ్యి అలాగే ఉండిపోయింది. అప్పుడే తట్టినట్టుంది. “మోత లేదండీ,” అంది మెల్లగా. “రిగ్గు ఆగింది. అవును. చెవులు గుయ్యిమన్నాయి. వాన కబురు చెప్పేసరికి మళ్ళీ మొదలైంది, ఆ కబురు వినపళ్ళేదు.”

నిదానం గారు జేబులోంచి, రిగ్గు నడిపే డ్రిల్లరు ఆ రోజు రాసిచ్చిన కాగితం తీశారు. ‘నాలుగు నుంచి ఆరు వరకు డ్రిల్లింగు, ఆగలేదు’ అని ఉంది అందులో. డ్రిల్లరు సహాయకులిద్దరూ నాలుగున్నరకి ట్యాంకరుతో నీళ్ళకి వెళ్ళి ఆరింటికి వచ్చారు. ఆ గంటన్నరా రిగ్గు దగ్గర ఉన్నది డ్రిల్లరు ఒక్కడే. భూతద్దానికి స్వయానా అక్క మొగుడు. నిన్న అతని వాంగ్మూలం తీసుకుంటున్నప్పుడు కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఎక్కువ అడగడానికి నిదానం గారికే మనసొప్పలేదు.

“ఇంకో మాట ఉందండీ,” అంది వంటావిడ. గొంతు మొదటిసారి తగ్గింది. “ఆ మోత లేనప్పుడు... ఎవరో పిలిచినట్టనిపించింది. సన్నగా. కత్తిపీట పక్కన పెట్టి లేద్దామనుకున్నా. అంతలో మోత మొదలైంది. రిగ్గు దగ్గరివాళ్ళే ఒకళ్ళనొకళ్ళు కేకేసుకుంటున్నారేమో అనుకుని మళ్ళీ కూర్చున్నా.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “వెళ్ళి చూడాల్సింది కదండీ.”

నిదానం గారు ఆవిడ భుజం మీద చెయ్యి వేద్దామనుకుని, వేయలేక, కాగితం మడిచారు. ఆ పది నిమిషాల నిశ్శబ్దం ఎవరు ఇచ్చారో, ఇచ్చినవాడే మళ్ళీ ఎందుకు లాక్కున్నాడో ఆయనకి బోధపడలేదు. రోజూ పొద్దున్నే దణ్ణం పెట్టుకునే మనిషి. అయినా కొన్ని ప్రశ్నలు ఆ దణ్ణంతో తీరవు.

*

ఒకటిన్నరకి భూతద్దం అక్క వచ్చింది. నిదానం గారిని ఈ పనిలో పెట్టింది ఆవిడే. నిన్న పొద్దున ఆయన ఇంటికొచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, “వాణ్ణి ఆరో ఏట మా అమ్మ నా చేతుల్లో పెట్టి పోయింది. వాడు దొంగ కాదని కాగితం మీద రాయించండి బాబాయ్. ఇంకేదీ వద్దు,” అంది. ఏడవలేదు. ఇప్పుడూ ఏడవడం లేదు. చేతిలో గుడ్డసంచీ ఉంది.

“ఆస్పత్రివాళ్ళు వాడి వస్తువులిచ్చారు. మీకు పనికొస్తాయేమోనని తెచ్చాను.”

షెడ్డులో బల్ల మీద ఒక్కొక్కటే పెట్టింది. తాడుతో సహా భూతద్దం. పెన్ను. చేతిరుమాలు. చివరికి, అగ్గిపెట్టెకి రెండింతలుండే చెక్క దిమ్మ ఒకటి.

“ఇది చొక్కా జేబులో ఉందట. వాడికెందుకో.”

ఎర్ర దిమ్మ. మీద నల్ల సిరాతో ‘బోరు 4. నూట డెబ్బై ఒకటి నుంచి నూట డెబ్బై నాలుగు. 3 మీటర్లు లేదు.’ డ్రిల్లరు చేతిరాత. అందులో వింతేమీ లేదు, దిమ్మలన్నీ రాసేది అతనే. నిదానం గారు దాన్ని కిటికీ వెలుగులో తిప్పి చూశారు. తర్వాత అరలో ఉన్న మూడో బోరు పెట్టెలోంచి ఇంకో ఎర్ర దిమ్మ తీసి దాని పక్కన పెట్టారు. అది మిరపపండు ఎరుపు. జేబులోది ఇటుక ఎరుపు.

“వీటికి రంగు వేసేదెవరమ్మా?”

“నేనే బాబాయ్. చెక్క కోయించి, రంగు వేసి, వందేసి కట్టలు కట్టి పంపిస్తాను. ఇంట్లో కూర్చుని ఇదొక్కటే నేను వీళ్ళకి చేసే సాయం.”

“మరి రెండు రంగులెందుకు?”

“ఓ, అదా.” ఆవిడ మొహంలో సగం నవ్వు కదిలింది. “మొదటి డబ్బా అయిపోయింది. కొట్లో ఆ రకం లేదని ఇదిచ్చాడు. మా వాడు అప్పుడు జ్వరంతో మా ఇంట్లోనే పడుకుని ఉన్నాడు, ఎనిమిది రోజులు. నేను పక్కనే కూర్చుని రంగు వేస్తుంటే భూతద్దం పెట్టి చూసి, ‘అక్కా, ఇది ఎరుపు కాదు, ఎరుపుకి జ్వరం వచ్చినట్టుంది’ అన్నాడు. మా పాప పడీపడీ నవ్వింది.”

“పాత దిమ్మలు మిగిలాయా?”

“ఒక్కటీ లేదు. అయిపోయాకే కదా కొత్త డబ్బా తెరిచింది.”

“అంటే, అతనికి జ్వరం రాకముందు ఈ ఇటుకరంగు దిమ్మ ఒక్కటి కూడా క్యాంపులో లేదు.”

“ఎలా ఉంటుంది? ఆ తర్వాతే కదా చేశాను.”

నిదానం గారు నాలుగో బోరు పెట్టెల దగ్గరికి నడిచారు. పెట్టె అంచున రేకు ముక్క మీద కొట్టిన తేదీ ఉంది. నాలుగో బోరు మూడో తారీఖున పూర్తయింది. కుర్రాడికి జ్వరం వచ్చింది ఇరవై రెండున. అతను ఇంట్లో మూలుగుతున్న ఆ ఎనిమిది రోజుల్లో వేసినది ఏడో బోరు. అంతకుముందే రంపం పాడై, నాలుగో బోరు కోర్ కొయ్యకుండా అలాగే అరల్లో పడి ఉంది.

మూడో తారీఖున ముగిసిన బోరులోకి, ఆ తర్వాత చేసిన దిమ్మ ఎలా వచ్చింది?

ఆయనకి అర్థమైంది. దిమ్మలకి రంగు వేసిన చెయ్యి ఎదురుగా ఉంది.

“తల్లీ, నువ్వు కాసేపు బయట కూర్చుంటావా?”

“ఎందుకు? నేను చూడకూడనిదేముంది?”

“చూడకూడనిదని కాదు...”

“అయితే ఇక్కడే ఉంటాను.”

ఆవిడని పంపడం ఆయన వల్ల కాలేదు. ఏడో బోరు పెట్టెలు వెతికి, ల్యాబు ప్లాటినం ఉందన్న రెండువందల పదమూడు మీటర్ల పెట్టెని బల్ల మీదికి లాగారు. సగానికి కోసిన కోర్ అందులో ఉంది, రెండో సగం ఎప్పుడో ల్యాబుకి పోయింది. మధ్యలో అరచెయ్యి వెడల్పున నల్లటి పట్టీ. ప్లాటినం ఉంటే గింటే అందులోనే. ఎంత పెద్ద భూతద్దం పెట్టినా కంటికి కనపడదు, ల్యాబు చెబితేనే తెలుస్తుంది.

విరిగిన రాయికి ఒక గుణం ఉంది. పగిలిన పళ్ళెం ముక్కల్లాగా ఒకదాని అంచు ఇంకోదానికే అతుకుతుంది, వేరే దేనికీ అతకదు. నిదానం గారు ఒక్కో ముక్కనీ పక్క ముక్కకి ఆనించుకుంటూ వచ్చారు. అతికింది. అతికింది. రెండువందల పదమూడు దగ్గర అతకలేదు. ఎటు తిప్పినా అతకలేదు. అక్కణ్ణుంచి మూడు మీటర్లు మళ్ళీ వాటిలో అవి బాగానే అతికాయి. రెండువందల పదహారు దగ్గర మళ్ళీ తేడా.

ఆ మూడు మీటర్లలో మొదటి ముక్క తీసుకుని, నాలుగో బోరు పెట్టెలో ఎర్ర దిమ్మ ఉండాల్సిన ఖాళీ దగ్గరికి తీసుకెళ్ళారు. నూట డెబ్బై ఒకటో మీటరు దగ్గర మిగిలిన అంచుకి ఆనించారు.

టక్కుమని కూర్చుంది.

“మా వాడు చేసింది ఇదేనా?” అంది అక్క వెనకనుంచి. “చివరి రోజు?”

“ఇదేనమ్మా. ఏడో బోరులో రెండు ఎర్ర దిమ్మలు అప్పటికే ఉన్నాయి. మూడోసారి గొట్టం ఖాళీగా వచ్చింది. మూడో దిమ్మ పెడితే వారం రోజుల పని మట్టిపాలు. అందుకని నాలుగో బోరులోంచి మూడు మీటర్లు తీసి ఇందులో పెట్టి, ఎర్ర దిమ్మని అందులో పెట్టారు. మోసం చేద్దామని కూడా కాదేమో. చూడ్డానికి రెండు రాళ్ళూ ఒకటే. తీసిన ఆ మూడు మీటర్లలోనే నల్ల పట్టీ ఉండడం... అది వాళ్ళ ఖర్మ.”

“అయితే మా వాడు ఏమీ కలపలేదు.”

“ఏమీ కలపలేదు. కనిపెట్టాడు.”

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది. రెండు రోజుల ఊపిరి. తర్వాత ఆవిడ చూపు బల్ల మీదికి, రెండు ఎరుపుల మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. ఎర్ర దిమ్మల కట్టలు ఎవరి పనిముట్ల పెట్టెలో ఉంటాయో, దాని తాళం ఎవరి మొలతాడుకి ఉంటుందో ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

“బాబాయ్,” అంది.

సరిగ్గా అప్పుడు రిగ్గు ఆగింది.

చెవులు గుయ్యిమన్నాయి. క్యాంపు మొత్తం ఊపిరి బిగబట్టినట్టయింది. నిదానం గారు గడియారం చూశారు. మూడుకి ఇంకా పది నిమిషాలు. బయట బురదలో అడుగుల చప్పుడు, ఒక్కొక్కటీ విడిగా వినపడుతోంది.

తలుపులో డ్రిల్లరు నిలబడ్డాడు. మోచేతులదాకా గ్రీజు. భార్య షెడ్డులోకి వెళ్ళడం చూసి వచ్చినట్టున్నాడు. బల్ల మీద పెట్టె, దిమ్మలు, భార్య మొహం, ఆ వరసలోనే చూశాడు. తలుపు పక్కన గొడ్డలి ఉంది. నిదానం గారు దాన్ని గమనించారు. డ్రిల్లరు దానివైపు కన్నెత్తైనా చూడలేదు. నేల మీద చతికిలబడ్డాడు.

“బాబాయ్ చెప్పింది నిజమేనా?” అంది ఆవిడ.

“నేను వాణ్ణి ఏం చెయ్యలేదే.” అన్నాడతను. “రాసేస్తాను బావా అన్నాడు. నీ పేరు రాయక తప్పదు, నా పేరు పోతోంది అన్నాడు. ఒక్క రోజు ఆగరా, నేనే వెళ్ళి చెప్పుకుంటానన్నాను. పెట్టె దాచేద్దామని నేను లాగాను, వాడు అటు లాగాడు. పైనుంచి మొత్తం వచ్చి పడింది. ఎత్తడానికి చూశాను. నా ఒక్కడివల్ల అవుతుందా?”

“కేకేస్తే పదిమంది వచ్చేవాళ్ళు,” అన్నారు నిదానం గారు.

“వచ్చేవాళ్ళు సార్.”

“మరి?”

డ్రిల్లరు గ్రీజు చేతులు చూసుకున్నాడు. “వస్తే వాడు చెప్పేస్తాడు కదా అనిపించింది. ఒక్క నిమిషం ఆలోచించుకుందామని రిగ్గు దగ్గరికి పోయాను. అక్కడికీ వినపడుతోంది సార్. అందుకే ఇంజను వేశాను. మోత ఉంటే వినపడదని.”

అక్క కదిలింది. మొగుడి ఎదురుగా నేల మీదే కూర్చుంది. భూతద్దం తాడు వేలికి చుట్టుకుని ఉంది.

“ఏమని పిలిచాడు?”

అతను తల అడ్డంగా ఊపాడు.

“చెప్పు. వాడు నిన్నెప్పుడూ బావా అనే కదా పిలిచేది. బావా అని పిలిచినా వదిలేసి పోయావా?”

“బావా అనలేదే,” అన్నాడు డ్రిల్లరు. ఏడుపులో మాట సగమే వచ్చింది. “అక్కా అన్నాడు. అన్నిసార్లూ అక్కా అనే.”

రిగ్గు లేని ఆ నిశ్శబ్దంలో వంటగది రేడియో చిన్నగా వినిపిస్తోంది. కాసేపటికి బూట్ల సారు తలుపు దగ్గరికి వచ్చాడు, మోత ఎందుకు ఆగిందో కనుక్కోవడానికి. లోపల నేల మీద కూర్చున్న ఇద్దర్నీ చూసి, గడప దగ్గరే ఆగిపోయాడు. చేతిలో నాలుగింటికి పంపాల్సిన కాగితం ఉంది.

అక్క తల ఎత్తి నిదానం గారివైపు చూసింది. ఆ చూపుని ఆయన తర్వాత చాలాకాలం పొద్దున దణ్ణం పెట్టుకుంటున్నప్పుడు కూడా తప్పించుకోలేకపోయారు.

“బాబాయ్, ఇంకా గంట టైముంది కదా. ఆ కాగితం తీసుకుని రాయండి. మా తమ్ముడు దొంగ కాదని ముందు రాయండి.” ఇటుకరంగు దిమ్మని తీసుకుని ఆయన చేతిలో పెట్టింది. “తర్వాత వాడి బావ సంగతి రాయండి. నేనిక్కడే కూర్చుంటాను. నా సంతకం కూడా కావాలి కదా, ఈ రంగు నాదేనని.”